మాన్పించే ముందు డాక్టరుకు చూపించండి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తాగుడు హరామని మన ఇళ్ళలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అది చెప్పడానికి మేమీ వేదిక ఎక్కలేదు. తెలిసీ అందులో పడ్డవాణ్ణి ప్రాణానికి ముప్పు లేకుండా బయటికి తీయడం ఎలా అన్నదే మా విషయం.

వించిపేట అయినా భవానీపురం అయినా మన పేటల్లో జరిగేది ఒకటే. రంజాన్ నెల దగ్గరపడుతుంది. అమ్మీ ఏడుస్తుంది, పెద్దలు మందలిస్తారు, మనిషి తౌబా చేసి ఒక్కరోజులో మానేస్తాడు. ఉద్దేశం ఎంతో మంచిది. కాని ఏళ్ళ తరబడి పొద్దుట లేచింది మొదలు తాగిన శరీరం సంగతి వేరు. మద్యం మెదడును అణచిపెడుతుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. ఆ బరువు హఠాత్తుగా తీసేస్తే అదుపు తప్పుతుంది. కొద్ది గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి జ్వరం వచ్చి, మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. దీన్నే డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి దక్కకపోవచ్చు. మనవాళ్ళేమో గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదా గదిలో పెట్టి గొళ్ళెం వేస్తారు!

ఇవి పుస్తకాల్లో మాటలు కావు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లు ఆపించినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ వచ్చారు. ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజీపామ్ వంటి మత్తుమందులు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షాపులు మూతపడితే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివాళ్ళే వరస కట్టారు. అదే ఏడు జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మందు దొరక్కుండా చేస్తే చాలదు, మనిషికి వైద్యం దొరకాలి.

ఆ వైద్యం పేరు డీటాక్స్. డాక్టరు నాడి, బీపీ, వణుకు చూసి మాత్రల మోతాదు నిర్ణయిస్తాడు. రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తాడు. కాలేయం చెడితే మందు మారుస్తాడు. బి1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్‌గా ఇస్తాడు. ఇక్కడొక మాట గుర్తుంచుకోండి. నీరసంగా ఉన్నాడు కదా అని వీధి చివర ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు ఎక్కించకండి. థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. అందరూ ఆసుపత్రిలో చేరనక్కరలేదు. పూర్వం ఫిట్స్ వచ్చినవాళ్ళు, ఇతర జబ్బులున్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, ఇంట్లో చూసే దిక్కులేనివాళ్ళు మాత్రం తప్పక చేరాలి.

అక్కాచెల్లెళ్ళకు ఒక మనవి. భర్తకు తెలియకుండా కూరలో మాత్ర కలపమని చెప్పేవాళ్ళున్నారు. వద్దమ్మా! డైసల్ఫిరామ్ మాత్ర కడుపులో ఉండగా అతను తాగితే బీపీ పడిపోయి గుండెకే ప్రమాదం. అతనికి తెలిసి, డాక్టరు చెప్పి ఇవ్వాల్సిన మందది.

డీటాక్స్‌తో పని అయిపోయిందా? లేదు. ఎండాకాలం కృష్ణా కాలువలు కట్టేసి పూడిక తీస్తాం. పూడిక తీసినంత మాత్రాన పంట పండుతుందా? నీళ్ళు వదలాలి, నాట్లు వేయాలి, కాపలా కాయాలి. ఇదీ అంతే. తర్వాత నెలల తరబడి కౌన్సెలింగ్, మందులు, చేతికి పని, పాత స్నేహాలకు దూరం కావాలి. నల్లమందు, హెరాయిన్ జాతి మత్తు మానినవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. కొన్నాళ్ళు ఆపాక శరీరానికి పాత ఓపిక ఉండదు. మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

పరువు పోతుందని, ఆడపిల్ల సంబంధం చెడుతుందని దాచిపెడుతున్నాం. షుగరు జబ్బు దాస్తున్నామా? జబ్బు మనిషి రోజాలను తర్వాత తీర్చుకునే వీలు ఖురాన్‌లోనే ఉంది. అందుచేత రంజాన్‌కు నెల ముందే అతన్ని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకుపోండి. 14446, 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేసి సలహా అడగవచ్చు. ఒంటరిగా వెళ్ళడానికి బిడియమైతే మన సంఘం కుర్రవాళ్ళను పిలవండి, వెంట వస్తారు. ఎవరి మాటా బయటికి పొక్కదు.

తౌబా చేసినవాడు ఈద్ నాడు మన పక్కన నమాజులో నిలబడాలి. అందుకు ముందు అతను బతికి ఉండాలి. అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. సెలవు.