18 ఏళ్ల అనుభవం ఉన్న బాబాయ్‌కి వైర్‌మన్ పరీక్ష అంటే ఎందుకంత భయం?

ఈ ఎపిసోడ్ అచ్చంపేటలో షూట్ చేశాం. ఫోన్లో కొడితే ముందు నాగర్‌కర్నూల్ అచ్చంపేట వస్తుంది, అది కాదు. ఇది మన పల్నాడు అచ్చంపేట. నా వెనకాల ఎర్రగా కనపడేది మిర్చి కల్లం. ఆ కల్లం మీద కర్రకి వేలాడుతున్న బల్బు, దాని వైరు ఒకసారి చూసి పెట్టుకోండి, చివర్లో దానితో పని ఉంది.

మా బాబాయ్ ఇక్కడే 18 ఏళ్లుగా ఇళ్లకి వైరింగ్ చేస్తున్నాడు. పదో తరగతితో చదువు ఆగింది, ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. పేరు చెప్పను, మొహం చూపించను, ఆ షరతు మీదే ఒప్పుకున్నాడు. మొన్నామధ్య ఒక కాంట్రాక్టరు అపార్ట్‌మెంట్ పని ఇస్తానని పిలిచి, "పర్మిట్ ఉందా?" అని అడిగాడంట. లేదు. పని ఇంకొకరికి పోయింది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "ఒరే, నువ్వు బీటెక్ గదా, నాకా పరీక్షకి చదువు చెప్పరా."

నేను సీఎస్ఈ బ్రో. బేసిక్ ఎలక్ట్రికల్ ఫస్టియర్‌లో ఉంది, బోర్డర్‌లో గట్టెక్కా. అయినా సరే అన్నాను.

ముందు ఈ పర్మిట్ గోల ఏంటో చెప్తా. ఇంట్లో బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడానికి ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు. కానీ కొత్త వైరింగ్ వేయాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా చట్టం వేరే మాట చెప్తుంది. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు తీసుకోవాలి, కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చెయ్యి పెట్టాలి. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో ఇది 45వ రూలు. 2010లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ రెగ్యులేషన్స్ వచ్చినప్పుడు 29వ నంబరులోకి వెళ్లింది. 2023లో వాటి స్థానంలో కొత్త రెగ్యులేషన్స్ వచ్చాయి. మన రాష్ట్రంలో ఈ సర్టిఫికెట్లు ఇచ్చేది ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. అర్హత, ఫీజు, తేదీలు బోర్డు నోటిఫికేషన్‌లోనే చూడండి. వీడియోల్లో చెప్పింది నమ్మి డబ్బు కట్టకండి, నా వీడియోతో సహా.

అమెరికాలో మాస్టర్ ఎలక్ట్రీషియన్లు అని ఉంటారు. టెక్సాస్‌లో అయితే ఒక మాస్టర్ కింద 12,000 గంటలు పని చేసుండాలి, జర్నీమన్ లైసెన్స్ చేతికొచ్చి కనీసం రెండేళ్లు అయ్యుండాలి. అది చూపిస్తేనే మాస్టర్ లైసెన్స్. బాబాయ్‌కి లెక్క చెప్పా. రోజుకి 8 గంటలు, ఏడాదికి 250 రోజులు వేసుకున్నా 18 ఏళ్లకి 36,000 గంటలు. "అయితే నేను మూడుసార్లు మాస్టర్నిరా" అని నవ్వాడు. నవ్వాడు గానీ మాక్ టెస్టులో 50కి 14 వచ్చాయి.

ఎందుకంటే ఆయన భాష వేరు, పేపర్ భాష వేరు. "ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కనీసం ఎంత ఉండాలి?" అంటే బిత్తరపోయాడు. "బాబాయ్, మెగ్గర్ కొడితే ఎంత చూపించాలి?" అంటే టక్కున "ఒక మెగా ఓమ్ తగ్గకూడదు" అన్నాడు. రెండూ ఒకటే ప్రశ్న! అప్పుడు పుస్తకం మూసేశాం. కరెంటు స్తంభం నుంచి మొదలుపెట్టి సర్వీస్ వైరు, మీటరు, మెయిన్ స్విచ్చు, బోర్డు, చివరి ప్లగ్గు దాకా ఇంట్లో నడిచాం. ప్రతి దాని దగ్గర ఆగి మూడు రాసుకున్నాం: ఆయన పిలిచే పేరు, పుస్తకంలో పేరు, అది ఎందుకుంది. మీ ఇంట్లో ఎవరైనా ప్రిపేర్ అవుతుంటే ఇదే చెయ్యమంటా. పుస్తకం కావాలంటే చెన్నైలో ఉన్న నిమీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐటీఐ ఎలక్ట్రీషియన్ పుస్తకాలు తెలుగులో కూడా వేస్తుంది. వాళ్ల మాక్ టెస్ట్ యాప్ ఫోన్లోనే ఉంటుంది.

లెక్కలకి ఆయన భయపడ్డాడు గానీ అవి పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. 5 హెచ్‌పీ బోరు మోటారు ఎంత కరెంటు తీసుకుంటుంది? ఒక హెచ్‌పీ 746 వాట్లు, అంటే 3,730 వాట్లు. దాన్ని 1.732, 400 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.8, ఎఫిషియెన్సీ 0.85, వీటి గుణకారంతో భాగిస్తే దాదాపు 8 ఆంపియర్లు. బాబాయ్ రైతుల మోటార్లకి ఎప్పుడూ "హెచ్‌పీకి ఒకటిన్నర" అని వేసుకునే లెక్క 7.5. చూశారా, ఫార్ములా తెలీకుండానే పక్కనే ఉన్నాడు. లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్‌కి 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించకూడదనేది కూడా రెండు రోజుల్లో పట్టేశాడు.

అసలు కథ ఎర్తింగ్ దగ్గర మొదలైంది.

మూడు పిన్నుల సాకెట్లో పై రంధ్రం ఎర్త్‌ది. దానికి ఎక్కడి నుంచి వైరు వస్తుంది అని అడిగా. ఆయన మామూలుగా, "సిన్న ముక్క వేసి నూట్రల్‌కి కలుపుతాం గదా" అన్నాడు. నేను రాసుకుంటూ పోతున్నా. రెండు నిమిషాలకి పుస్తకంలో చదివితే, అది చెయ్యకూడని పని అని ఉంది.

ఇది మన ఊళ్లలో చాలా చోట్ల ఉంది, అందుకే కొంచెం నిదానంగా చెప్తా. గీజరో, వాషింగ్ మెషీనో ఉందనుకోండి. దాని బాడీ ఆ ముక్క వల్ల న్యూట్రల్‌కి కలిసి ఉంది. అన్నీ బాగున్నప్పుడు ఏమీ తెలీదు. ఏదో ఒక రోజు వెనకాల న్యూట్రల్ వైరు తెగుతుంది, లేదా మీటరు దగ్గర జాయింటు వదులవుతుంది. స్విచ్చు వేసి ఉన్న మెషీన్‌లోంచి ఫేజు కరెంటు న్యూట్రల్ దాకా వచ్చి, వెళ్లే దారి లేక ఆగుతుంది. ఆ ముక్క గుండా మెషీన్ ఒంటి మీదకి 230 వోల్టులు వచ్చేస్తాయి. మెషీన్ పాడవ్వలేదు, లోపల ఏ వైరూ కాలలేదు, అయినా ముట్టుకున్న మనిషి పోతాడు. మన దేశంలో కరెంటు షాక్‌తో ఏటా పది వేల మందికి పైగా చనిపోతున్నారని ఎన్‌సీఆర్‌బీ లెక్కలు చెప్తాయి.

బాబాయ్ ఒప్పుకోలేదు. "నేను బల్బు పెట్టి టెస్టు చేసే ఇత్తాను రా. ఫేజుకీ ఎర్త్‌కీ పెడితే బల్బు ఫుల్లుగా ఎలుగుద్ది." వెలుగుతుంది మరి! అది కలిసింది న్యూట్రల్‌కే కదా. ఆ టెస్టు దొంగ ఎర్త్‌ని ఇంకా బాగా పాస్ చేస్తుంది. ఈ మాట చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఎన్ని ఇళ్లురా" అన్నాడు.

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు.

ఆ రాత్రి నోటుబుక్కులో గుర్తున్నంతవరకు రాశాడు. అచ్చంపేట, చామర్రు, కస్తల, మాదిపాడు. మొత్తం 37 ఇళ్లు. పిన్ని గొడవ పడింది. "ఇప్పుడు ఇంటింటికీ పోయి తప్పు చేశానని చెప్తే ఊళ్లో పేరేముంటది? పరీక్ష రాసుకో, ఇకనుంచి సరిగ్గా చెయ్." నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ పిన్ని మాటే ప్రాక్టికల్‌గా అనిపించింది. బతుకుతెరువు కదా. ఆయన మాత్రం పొద్దున్నే గడ్డపార తీసుకుని బయల్దేరాడు.

పద్ధతి ఏంటంటే, గోడకి కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో గొయ్యి, అందులో రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. నల్లరేగడి వేసవిలో ఎండి పగుళ్లిస్తుంది, అప్పుడు ఎర్త్ పనిచెయ్యడం తగ్గుతుంది కాబట్టి అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. పైపు ఖర్చు ఇంటివాళ్లది, కూలి బాబాయ్ తీసుకోవట్లేదు.

ఎర్త్ ఒక్కటే వేస్తే సరిపోతుందా? లెక్క చూడండి. ఎర్త్ రెసిస్టెన్స్ 5 ఓములు ఉందనుకుందాం. 230 బై 5, అంటే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ టైపు ఎంసీబీ వెంటనే పడిపోవాలంటే కనీసం ఐదు రెట్లు, 80 ఆంపియర్లు కావాలి. 46కి అది వేడెక్కి పడటానికి సెకన్లు పడుతుంది, ఒక్కోసారి నిమిషం దాకా. మనిషికి అంత టైం లేదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే రెప్పపాటులో కట్ చేస్తుంది. ఇంకో సంగతి, ఆ న్యూట్రల్ ముక్క ఉన్న ఇంట్లో మెషీన్ బాడీకి లీకైన కరెంటు న్యూట్రల్‌లోంచే తిరిగొస్తుంది. ఆర్‌సీసీబీకి లెక్క సరిపోయినట్టే కనపడుతుంది, లీకేజీ పసిగట్టదు. ముందు ముక్క తీయాలి.

ఒక ఇంట్లో పెద్దాయన అడిగాడు, నేను పక్కనే ఉన్నా. "ఇన్నేళ్లు బానే ఉందిగా, ఇప్పుడేందబ్బాయ్? అంటే అప్పుడు తప్పు చేశావా?"

"చేశాను పెదనాన్నా. తెలవక చేశాను."

పెద్దాయన కాసేపు చూసి, "సరే తవ్వు" అన్నాడు. ఇంకో ఇంట్లో మాత్రం లోపలికి రానివ్వలేదు. ఆ ఇంటికి మళ్లీ వెళ్తానంటున్నాడు.

ఇప్పుడు కల్లం బల్బు. రాత్రిళ్లు కాయ కాపలా కోసం ఇంట్లోంచి లాగిన వైరు అది. మధ్యలో రెండు జాయింట్లు, ఒకదానికి టేపు ఊడిపోయింది, కింద పట్టా మీద మంచు తడి. మీరు చూస్తుండగానే బాబాయ్ వెళ్లి ప్లగ్గు పీకేశాడు. కల్లం వాళ్లు ఆయన మీద అరుస్తున్నారు, ఆ సౌండ్ మీకు రికార్డింగ్‌లో వినపడుతూ ఉండొచ్చు. జాయింట్ లేని ఒకే ముక్క కేబుల్ వేసి, ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు నుంచి ఇవ్వాలని ఆయన మాట. కేబుల్ కోసం సత్తెనపల్లి వెళ్లాలి, చీకటి పడేలోపు తేవాలి, బండి నాదే.

ఇవాళ్టికి 37లో 11 ఇళ్లు అయ్యాయి. మొన్నటి మాక్ టెస్టులో 50కి 36. పరీక్ష అయ్యాక ఏమైందో వేరే ఎపిసోడ్‌లో చెప్తా. పిలుస్తున్నాడు, వెళ్తున్నా. ఉంటాను ఫ్రెండ్స్.