కాడి కట్టి చూచుట: విశ్వవిద్యాలయ గ్రంథాలయములో ఆన్‌లైను డేటాబేసుల పరీక్ష
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా చందాదారుల అభిమానముతో నడచుచున్న ఈ గ్రంథాలయములో నిలిచి, విశ్వవిద్యాలయ గ్రంథాలయపు సంగతులు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను అట్టి గ్రంథాలయములో పనిచేయువాడను. ఆ సంగతులు మనకెందుకని మీలో కొందరికి తోచవచ్చును. ఎందుకో చెప్పుటకే వచ్చితిని.

పరిశోధన చేయు విద్యార్థి నేడు బీరువాల వద్దకు పోవుట తక్కువ. పాత పత్రికల సంపుటములు అట్టలు కట్టించి పెట్టిన గదులు ఇంకను ఉన్నవి గాని, క్రొత్త సంచికలలో పెక్కు కంప్యూటరు తెరమీదికే వచ్చుచున్నవి. అట్టి వ్యాసముల వివరములను లక్షలకొలది పోగుచేసి, విషయము చెప్పిన వెంటనే వెదకి యిచ్చు భాండాగారమునకే డేటాబేసు అని పేరు. కొన్నిటిలో వ్యాసము పేరు, రచయిత, సారాంశము మాత్రమే యుండును. మరికొన్నిటిలో వ్యాసమంతయు దొరకును. మొదటిది విందునకు పిలుపు వంటిది. రెండవది వడ్డించిన విస్తరి.

వీనిని గ్రంథాలయములు చాలవరకు కొనవు. ఏటేట చందా కట్టును. చందా మానిననాడు, ఒప్పందములో ముందుగా వ్రాయించుకొననిచో, నిన్నటిదాక చదివిన పాత సంచికలు సైతము మూతపడును. మీ బీరువాలోని పుస్తకము అట్లు ఎగిరిపోదు గదా! అందుచేత బేరమునకు ముందు పరీక్ష కావలెను. ప్రచురణకర్తలు నెల దినములో, మరికొంత కాలమో డేటాబేసును ఉచితముగా తెరచి యుంచెదరు. దీనిని ట్రయలు అందురు. ఆ గడువులో విశ్వవిద్యాలయ ఆవరణమునందలి కంప్యూటర్ల నుండి అడిగినవారికి తలుపు తెరచుకొనును.

ఈ నెలను వ్యర్థపుచ్చుట మిక్కిలి సులభము. నోటీసు బోర్డుమీద ఒక కాగితము అంటించి ఊరకున్నచో చాలును. కంపెనీ ప్రతినిధి వచ్చి, తాను ముందే ఏరి పెట్టుకొన్న ప్రశ్న వేసి చూపును. సంతలో ఎద్దును అమ్మువాడు తానే నడిపించి చూపినట్లుండును. కొనువాడు పండ్లు పట్టి చూడవలెను, కాడి కట్టి చూడవలెను.

కాడి కట్టుట యనగా మన ప్రశ్న మనము వేయుట. వేరుసెనగనే తీసికొందము. ఇంగ్లీషులో ఈ పంటకు రెండు పేర్లున్నవి. మన దేశపు శాస్త్రజ్ఞులు గ్రౌండ్‌నట్ అందురు. అమెరికావారు పీనట్ అందురు. శాస్త్రనామము ఆరాకిస్ హైపోజియా. మీ చేలలో ఆకులపై నల్లమచ్చలు తెచ్చు తిక్క తెగులును మనవారు టిక్కా అని వ్రాయగా, ఇతరులు లీఫ్ స్పాట్ అని వ్రాయుదురు. పైగా ఆ తెగులునకు కారణమైన శిలీంధ్రముల పేర్లను శాస్త్రజ్ఞులే ఒకటికి రెండుసార్లు మార్చినారు! మంచి డేటాబేసు ఈ పేర్లన్నిటిని ఒక్క త్రాట కట్టి యుంచును. ఏ పేరుతో అడిగినను ఒకే రాశిని ముందు పోయును. ఒక పేరుతో నూరు వ్యాసములు, మరొక పేరుతో వేరే ముప్పది వచ్చినచో, సూచిక తయారుచేసినవారు పని సరిగా చేయలేదని తెలిసికొనవలెను. తెలుగు విషయములలో చిక్కు ఇంకొక తీరు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరును ఇంగ్లీషు అక్షరములలో ఎన్ని విధముల వ్రాయవచ్చునో మీరే ఊహింపుడు. ఒక్క అక్షరము మారినచో, ఆయన ఏమియు వ్రాయలేదన్నట్లు తెర తెల్లబోవును.

మరియొకటి చూడవలెను. పత్రిక పేరు జాబితాలో నున్నంత మాత్రమున కడపటి సంచిక యున్నదని నమ్మరాదు. కొన్నిటిలో ఇటీవలి ఏడాది సంచికలు ఉండవు. 1995లో ప్రారంభమైన జేస్టోరు పాత సంచికలకు పెన్నిధి. కాని అందులోని అనేక పత్రికలకు కడపటి మూడు నుండి ఐదేండ్ల సంచికలు లేకుండుట పరిపాటి. చరిత్ర చదువువానికి ఇది లోపము కాదు. వైద్యునికి పెద్ద లోపము.

గడువు తీరిన పిదప లెక్కలు వచ్చును: ఎన్ని వ్యాసములు తెరచిరి, ఎందరు అడిగి లేదనిపించుకొనిరి. ఈ రెండవ లెక్కయే నాకు ముఖ్యము. మొదటి దానిని మాత్రమే చూచి తీర్పు చెప్పినచో, పదిమంది విద్యార్థులున్న శాఖకు ఎన్నడును ఏమియు దక్కదు.

ఇక ధర మాట. సంపన్న దేశముల గ్రంథాలయములకు సైతము ఇది భారమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 2019లో ఎల్సెవియర్ కంపెనీతో బేరము కుదరక ఒప్పందమును వదలుకొని, 2021లో గాని క్రొత్త ఒప్పందము చేసికొనలేదు. మన దేశమున 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ‘ఒకే దేశము, ఒకే చందా’ అను పథకమును ఆమోదించి, 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించినది. 30 ప్రచురణ సంస్థల పత్రికలు, సుమారు 13,000, దేశమందలి 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు అందునట్లు ఏర్పాటు చేసినారు. మంచి పనియే. అయినను అందులో చేరని డేటాబేసులకు ట్రయలు, బేరము తప్పవు.

ఆ ధనము మీరు కట్టిన పన్నులలోనిదే. కాని విశ్వవిద్యాలయములకై చేసిన ఆ ఏర్పాటు గ్రామ గ్రంథాలయములను ఉద్దేశించినది కాదు. ఇది న్యాయమా యని వాదించుటకంటె, ఉన్న సందును వెడల్పు చేసికొనుట మేలు. స్వయముగా గ్రంథాలయమునకు వచ్చి, అచ్చటి కంప్యూటరు ముందు కూర్చుండి చదువుకొను బయటివారిని అనేక ఒప్పందములు అనుమతించును. అనుమతింపనిచో సంతకమునకు ముందే ఆ షరతు వ్రాయించుకొనవలెను; పిమ్మట అడిగిన ప్రయోజనము లేదు. అట్లు వచ్చి అడుగువారెవరైన ఉన్నారా యని ట్రయలు నాడు ప్రచురణకర్త మమ్ము ప్రశ్నించును. ఉన్నారని చెప్పుటకు మాకు ఆధారము కావలెను.

చందా లేకుండ దొరకునవియు కొన్ని యున్నవి. భారతీయ విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములకు శోధ్‌గంగ యున్నది. వైద్య వ్యాసముల సారాంశములకు పబ్‌మెడ్ యున్నది. ఇవి రెండును ఇచ్చటి కంప్యూటరు నుండియే తెరచుకొనును. వీనికి ట్రయలు అక్కరలేదు.

కావున కార్యవర్గమువారికి నా మనవి యిది. పఠన మందిరములో వార్తాపత్రికల బల్లపై ఒక నోటుపుస్తకము పెట్టించుడు. వేరుసెనగ తెగులు గాని, పశువుల గాలికుంటు గాని, చెరువు పూడిక గాని, ఊరి శాసనము గాని, ఎవరికి ఏ సందేహము కలిగిన దానిని తెలుగులోనే, తమ మాటలలోనే వ్రాయనిండు. ప్రతి మాసాంతమున నకలు మాకు పంపుడు. రాబోవు ట్రయలులో మొదట వేయు ప్రశ్నలు ఆ పుస్తకములోనివే యగునట్లు నేను చూచెదను. దొరకినవానిని, దొరకనివానిని గూడ వ్రాసి, మీ కార్యదర్శిగారికి తిరిగి పంపెదను.