మందుతో పాటు మాట

(వార్షిక సమావేశంలో ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)



మీరిచ్చే జకాత్, సదఖాలతో పేద రోగుల చేతికి మందులు అందుతున్నాయి, అల్‌హందులిల్లాహ్. ఆ మందు సరిగ్గా పనిచేయాలంటే దానితో పాటు నర్సు చెప్పే నాలుగు మాటలు కూడా రోగికి చేరాలి. మాట చేరకపోతే మందు సంచిలోనే ఉండిపోతుంది, లేదా వేళ తప్పి కడుపులోకి పోతుంది.

మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లది ఉర్దూ. "పరగడుపున వేసుకోండి" అంటే తలూపుతారు. "ఖాలీ పేట్" అంటేనే అర్థమవుతుంది. సిస్టర్‌ని రెండోసారి అడగడానికి వాళ్లకు మొహమాటం. అందుకే "అర్థమైందా?" అని అడిగి ఊరుకోకూడదు. "అమ్మీ, ఇంటికెళ్లాక ఈ గోళీ ఎప్పుడు వేసుకుంటారో మీరే నాకు చెప్పండి" అనాలి. తప్పు చెబితే కోప్పడకుండా మళ్లీ చెప్పాలి. దీనికి పట్టేది రెండు నిమిషాలే.

రంజాన్ నెలలో ఈ రెండు నిమిషాలు ప్రాణాలు కాపాడతాయి. వద్దంటారేమోనని కొందరు షుగర్ రోగులు రోజా సంగతి చెప్పరు. ఎప్పటిలాగే పొద్దున ఇన్సులిన్ తీసుకుని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, చివరకు స్పృహ కూడా తప్పవచ్చు. కసిరితే రోగి దాస్తాడు. "రోజా ఉంటున్నారా చాచా?" అని ముందే మెల్లగా అడిగితే చెబుతాడు. అప్పుడు సహరీ, ఇఫ్తార్ వేళలకు మోతాదు మార్చాలా, రోజా మానాలా అన్నది డాక్టరుగారు చూస్తారు. జబ్బుపడినవారికి మినహాయింపు ఖురాన్‌లో అల్ బఖరా సూరాలోనే ఉంది. ఈ మాట మస్జిదులో ఇమాం సాహెబ్ కూడా చెబితే మా పని సగం తేలికవుతుంది.

ఆడవాళ్ల దగ్గర మరో చిక్కు. ప్రశ్న ఆమెకు వేస్తే జవాబు పక్కనున్న భర్తో కొడుకో చెబుతారు. "భాయ్, కాసేపు బయట కూర్చోండి" అని మర్యాదగా పంపితే, నెలల తరబడి దాచుకున్న బాధ అప్పుడు బయటికొస్తుంది. సాటి ఆడమనిషి, అదీ తన భాషలో అడిగితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఆడపిల్లను నర్సింగ్‌కు పంపడానికి మనలో కొన్ని కుటుంబాలు ఇంకా వెనకాడుతున్నాయి. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి.)ను మదీనా మస్జిదులో రుఫైదా (రజి.) గుడారంలోనే ఉంచారు. గాయపడినవారికి సేవ చేసిన ఆ తల్లి బాటే ఇది.

దాతలకు నా మనవి ఒక్కటే. ఇంటర్ తర్వాత జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్లు. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన ఒక పేద పిల్ల ఫీజు, హాస్టల్ ఖర్చు మీరు భరించండి. ఆమె ఏ మతం రోగి మంచం దగ్గర నిలబడినా, ఆ రోగికి అర్థమయ్యే మాటే చెబుతుంది. ఆమె ఉద్యోగం చేసినన్నాళ్లూ మీ సదఖా సాగుతూనే ఉంటుంది.