ఇంటి చెక్కపనికి ఏ శాండర్?

సరదాగా చెక్కపని చేసేవారు ఒక్క శాండరే కొనాలనుకుంటే, 5 అంగుళాల గుండ్రటి బిళ్ల ఉండే ర్యాండమ్ ఆర్బిటల్ రకమే మేలు. దాని బిళ్ల తిరుగుతూనే రెండు మూడు మిల్లీమీటర్ల మేర ఊగుతుంది కూడా. అందువల్ల గీతలు ఒకే దారిన పడవు. టేకు పలక మీద నారకు అడ్డంగా నడిపినా, పాలిష్ వేశాక చారలు పెద్దగా తేలవు. బెల్టు శాండర్ ఇంకా వేగం కదా అనవచ్చు. ఆ వేగమే చిక్కు: ప్లైవుడ్ పైపొర చాలా పల్చన, చెయ్యి ఒక్క క్షణం ఆగితే అడుగుపొర బయటపడుతుంది.

చతురస్రపు శాండర్ చవక, మామూలు ఉప్పుకాగితాన్నే నాలుగు ముక్కలు చేసి బిగించుకోవచ్చు, మూలలకూ వెళుతుంది అనే వాదనలో బలం ఉంది. కానీ మన పనిలో ఎక్కువ భాగం చదును పలకలే. మూలలకు చెక్కముక్కకు కాగితం చుట్టి చేత్తో రుద్దితే సరిపోతుంది. దుకాణంలో వాట్ల సంగతే ఎక్కువ చెబుతారు. మీరు మాత్రం వేగం తగ్గించే మీట, దుమ్ము సంచి ఉన్నాయా చూడండి. 80 నంబరు ఉప్పుకాగితంతో మొదలెట్టి 120, 180కి వెళ్లండి. నొక్కకండి, యంత్రం బరువు చాలు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. సంచి ఉన్నా సరే, మాస్కు పెట్టుకోండి.