రాయకముందే రాశానని చెప్పకూడదు
(మన బడి స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను 1986 పదో తరగతి బ్యాచ్. శంకరమఠం వెనక సందులోంచి నడుచుకుంటూ, కూరగాయల మార్కెట్ దాటి బడికి వచ్చేవాణ్ణి. వాన పడితే పుస్తకాల సంచీ నెత్తిమీద, చెప్పులు చేతిలో. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, పిల్లలకి పనికొచ్చేది ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. విజయాల గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నేను ఒక కంప్యూటర్ మూడుసార్లు కూలిపోయిన కథ చెబుతాను. అందులో నా తప్పూ ఉంది. ఆ తప్పు మన ఫిజిక్స్ సార్ తొమ్మిదో తరగతిలోనే పట్టుకున్నారు. నేనే మరిచిపోయాను.

ముందు లోలకం సంగతి. దారానికి గుండు కట్టి, 20 డోలనాలకి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌తో కొలిచి, దాన్నుంచి గురుత్వ త్వరణం లెక్కకట్టాలి. రికార్డు మర్నాడే ఇవ్వాలి. జవాబు ఎంత రావాలో పుస్తకంలో ఉంది కాబట్టి, వెనకనుంచి లెక్కవేసి రీడింగులు రాసేశాను. సరిగ్గా 980 వచ్చింది. సార్ రికార్డు చూసి మెచ్చుకున్నట్టే తలాడించి, "ఏ వాచీతో కొలిచావురా?" అని అడిగారు. "ల్యాబులోదే సార్" అన్నాను. ఆయన సొరుగు లాగి స్టాప్‌వాచ్ బయటికి తీశారు. "ఇది పాడై నాలుగు రోజులైంది" అన్నారు. కొట్టలేదు. పేజీ చింపలేదు కూడా. ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, "కొలిచాక రాయి" అని రాసి ఇచ్చారు. ఆ రికార్డు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. 2000 ఆగస్టు వరదలో మా సందులోకి నీళ్లొచ్చినప్పుడు అమ్మ దాన్ని అటకెక్కించింది కాబట్టి మిగిలింది.

ఇక కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. 1956లో ఐబీఎం కంపెనీ ర్యామాక్ అనే యంత్రంతో మొదటి డిస్కుని అమ్మింది. 24 అంగుళాల పళ్లేలు 50. అన్నీ కలిపితే 50 లక్షల అక్షరాలు పట్టేవి. అంటే ఇవాళ మీ ఫోన్లో తీసే ఒక ఫోటో పాటి. ఇప్పుడు పెద్ద సంస్థల్లో డిస్కులు ప్రతి కంప్యూటర్లోనూ ఉండవు. అన్నీ ఒకచోట బీరువాల్లో పెట్టి, గాజు తీగల మీదుగా కంప్యూటర్లకి అందిస్తారు. ఆ దారి పేరు ఫైబర్ చానల్. తీగకి రెండు కొసలుంటాయి. అడిగే కొసని ఇనీషియేటర్ అంటారు, ఇచ్చే కొసని టార్గెట్ అంటారు.

దీన్ని మన అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీతో పోల్చి చెబుతాను. మీరు చీటీ మీద పుస్తకం నంబరు రాసి కౌంటర్లో ఇస్తారు. లోపలికి వెళ్లిన మనిషి పుస్తకం తెచ్చిస్తాడు. లోపల ఇనప బీరువా ఉందా, చెక్క అలమారా ఉందా, లేక పక్కింటికి పరిగెత్తి తెస్తున్నాడా అన్నది మీకు తెలియదు, అక్కర్లేదు కూడా. డిస్కూ అంతే. ఫలానా నంబరు గడిలో ఉన్నది ఇమ్మంటే ఇవ్వాలి, రాయమంటే రాయాలి. ఈ మర్యాదలన్నీ పాటిస్తే, ఒక మామూలు లినక్స్ కంప్యూటర్ కూడా "నేను డిస్కుని" అని వేషం వేసుకుని కౌంటర్లో కూర్చోవచ్చు. దీన్నే డిస్కుని ఎమ్యులేట్ చేయడం అంటారు. ఎస్‌సీఎస్‌టీ, లియో అనే రెండు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఇందుకు పేరుపడ్డాయి. లియో 2011లో లినక్స్ 2.6.38తో కెర్నెల్లోనే చేరింది. క్యూలాజిక్ ఫైబర్ కార్డుల్ని టార్గెట్‌గా పనిచేయించే భాగం 2012లో 3.5తో వచ్చింది.

2013లో నేను పనిచేసే చోట ఇలాంటిదే ఒకటి కట్టాం. అసలు డిస్కు బీరువా కొనాలంటే లక్షల్లో ఖర్చు. మా దగ్గర ఒక పాత సర్వరు, 12 డిస్కులు, ఒక ఫైబర్ కార్డు ఉన్నాయి. "మనమే చేద్దాం" అన్నది నేనే. నెలన్నరలో నిలబెట్టాం. దాని మీద ఒక రక్తపరీక్షల కేంద్రం వాళ్ల రిపోర్టుల డేటాబేసు పెట్టాం. బాగానే నడిచింది.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఫోన్ మోగింది. సర్వరు బిగుసుకుపోయింది, తెర మీద కెర్నెల్ ప్యానిక్ అని ఉంది. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి పునాది. ఒక ప్రోగ్రాం పడిపోతే అద్దెకున్నవాళ్లు ఒక వాటా ఖాళీ చేసినట్టు, ఇల్లు నిలబడే ఉంటుంది. కెర్నెల్ పడిపోతే పునాది కుంగినట్టు, ఇంకెవరూ ఉండలేరు. తెర ఫోటో తీసుకున్నాం గానీ, అసలు కారణం చెప్పే పై వరసలు అప్పటికే పైకి జరిగి కనబడకుండా పోయాయి. తోక మాత్రమే మిగిలింది. మళ్లీ ఆన్ చేస్తే అంతా మామూలుగా నడిచింది. నేను కార్డు మార్చాను. కొన్ని వారాలకి మళ్లీ పడింది. తీగ మార్చాను, ఫ్యాన్లు మార్చాను. కొలవకుండానే జవాబు రాస్తున్నానన్నమాట.

మూడోసారి పడినప్పుడు డేటాబేసు లేవలేదు. దాదాపు 40 నిమిషాల రిపోర్టులు గల్లంతయ్యాయి. ఆ కేంద్రానికి రాత్రంతా ఆసుపత్రుల నుంచి శాంపిళ్లు వస్తుంటాయి. సిబ్బంది యంత్రాల్లో మిగిలిన కాగితాలు చూసి చాలావరకు మళ్లీ ఎక్కించారు. కొన్నింటికి కాగితం లేదు. ఉప్పల్ నుంచి ఒక పెద్దావిడని మళ్లీ పిలిపించి రక్తం తీశారట. ఆవిడ చేతికి నరం దొరకడమే కష్టమట. ఆ మాట నాకు ఫోన్లో చెప్పింది అక్కడి టెక్నీషియన్. కోప్పడలేదు, ఊరికే చెప్పింది. అప్పటిదాకా నాకు అది డేటా. ఆ మాట విన్నాక ఒక చెయ్యి.

మా టీమ్‌లో నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. ఉద్యోగంలో చేరి రెండేళ్లు. ఆ అమ్మాయి తేదీలు ఒక కాగితం మీద రాసి, "సార్, మూడుసార్లూ ఆదివారమే. మూడుసార్లూ ఒంటిగంట దాటాకే" అంది. మేము వాడే లినక్స్‌లో ప్రతి ఆదివారం తెల్లవారుజామున ఒంటిగంటకి రెయిడ్ తనిఖీ దానంతటదే మొదలవుతుంది. డిస్కులన్నిటినీ మొదటినుంచి చివరిదాకా చదివి సరిచూస్తుంది. అదే సమయంలో వారానికోసారి తీసే బ్యాకప్ కూడా మేమే పెట్టుకున్నాం. రెండూ కలిసి డిస్కుల మీద పడ్డాయి.

డిస్కులు నెమ్మదిస్తే జవాబు ఆలస్యం కావాలి గానీ, కెర్నెల్ ఎందుకు కూలాలి? ఈసారి ఊహించదలచుకోలేదు. ముందు కెడంప్ ఏర్పాటు చేశాం. కొంత మెమరీని పక్కన పెట్టి అందులో రెండో కెర్నెల్‌ని సిద్ధంగా ఉంచుతారు. మొదటిది చచ్చిపోగానే రెండోది లేచి, మొదటిదాని మెమరీ మొత్తాన్ని ఫైలుగా రాసి పెడుతుంది. ఒకరకంగా పంచనామా. 2005 నుంచీ లినక్స్‌లో ఉన్న సౌకర్యమే. మొదటిరోజే పెట్టి ఉండాల్సింది, నేను పెట్టలేదు.

తర్వాత వేరే సర్వరు మీద అదే పరిస్థితిని కల్పించాం. ఆదివారం దాకా ఆగకుండా రెయిడ్ తనిఖీని చేత్తో మొదలుపెట్టాం. అడిగే కంప్యూటరు జవాబు కోసం మామూలుగా 30 సెకన్లు ఆగుతుంది. దాన్ని 5కి తగ్గించాం. వాడి వదిలేసిన మెమరీని ఒక గుర్తుతో నింపే సౌకర్యం కెర్నెల్లో ఉంది, అదీ ఆన్ చేశాం. నాలుగో సాయంత్రం కూలింది. డంప్ తెరిచి చూస్తే, చిరునామా ఉండాల్సిన చోట 6బీ6బీ6బీ6బీ అని వరసగా ఉంది. ఆ 6బీయే కెర్నెల్ పెట్టే గుర్తు. "ఈ చోటు ఖాళీ చేసేశాం, ఇక్కడ ఎవరూ లేరు" అని దాని అర్థం. ఖాళీ అయిన ఇంటికి ఎవరో ఉత్తరం పట్టుకెళ్లారన్నమాట.

జరిగింది ఇదీ. మళ్లీ లైబ్రరీకే వెళ్దాం. మీరు చీటీ ఇచ్చారు, లోపలి మనిషి ఎంతకీ రాలేదు. విసుగొచ్చి, "నా చీటీ రద్దు చేయండి" అన్నారు. కౌంటర్లో ఉన్నాయన చీటీ చింపేశాడు. అదే క్షణంలో లోపలి మనిషి పుస్తకం పట్టుకొచ్చి, పని అయిపోయింది కాబట్టి ఆ చీటీ చింపడానికి చెయ్యి చాపాడు. చీటీ లేదు. మనుషులైతే మొహాలు చూసుకుని నవ్వుకుంటారు. కెర్నెల్‌కి నవ్వడం రాదు, కూలిపోతుంది. ఆలస్యం వల్ల వచ్చే రద్దు ఆజ్ఞ, పని ముగింపు రెండూ ఒకేసారి తగిలితే ఒకే మెమరీని రెండుసార్లు వదలడం, వదిలేసినదాన్ని తాకడం జరుగుతాయి. దీన్ని రేస్ కండిషన్ అంటారు. మందు ఏమిటంటే, చీటీని ఎంతమంది పట్టుకున్నారో లెక్క రాసుకోవడం. ఆఖరి చెయ్యి వదిలాకే చింపాలి. మేము వాడుతున్న డ్రైవర్ పాతది. కొత్త వెర్షన్‌లో ఈ లెక్క సరిచేసి ఉంది. అది ఎక్కించి అదే పరీక్ష వారం రోజులు నడిపాం. కూలలేదు. తనిఖీని, బ్యాకప్‌ని వేర్వేరు రోజులకి మార్చాం.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగానే ఉంటుంది. తప్పు డ్రైవర్‌ది, పట్టుకున్నది మేము. కానీ ఇంకో ప్రశ్న మిగిలింది. కెర్నెల్ కూలితే పని ఆగాలి గానీ, అయిపోయిన పని ఎందుకు పోయింది? డేటాబేసు ప్రతి రిపోర్టు తర్వాతా డిస్కుని అడుగుతుంది, "నిజంగా రాశావా?" అని. మా ఉత్తుత్తి డిస్కు ప్రతిసారీ "రాశాను" అంది. అప్పటికి ఆ అక్షరాలు మెమరీలోనే ఉన్నాయి, ఇంకా పళ్లెం మీదికి ఎక్కలేదు. ఎందుకలా అబద్ధం చెప్పింది? నేను చెప్పమన్నాను కాబట్టి.

అలాంటి సెట్టింగ్ ఒకటుంది. అది ఆన్ చేస్తే, "రాశావా" అన్న ప్రశ్నని పట్టించుకోకుండా వెంటనే ఊ కొడుతుంది. వేగం రెట్టింపైనట్టు కనిపిస్తుంది. మంచి యూపీఎస్ ఉండి, యంత్రంలోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ ఏ లోపమూ లేకపోతేనే వాడమని మాన్యువల్లో రాసి ఉంది. నేను చదివాను. యూపీఎస్ ఉంది కదా అనుకున్నాను. యూపీఎస్ కరెంటుని కాపాడుతుంది, కెర్నెల్‌ని కాదు. పైగా రాయాల్సినదంతా మెమరీలో పేరుకుపోయి ఒక్కసారి డిస్కుల మీద పడటం వల్లే ఆ ఆలస్యం 30 సెకన్లు దాటింది. అంటే నా అబద్ధమే ఆ గుంటని లోతు చేసింది.

రిపోర్టు రాయాల్సి వచ్చినప్పుడు మా పైఅధికారి, "డ్రైవర్ లోపం అని రాసేయ్, అది నిజమే కదా" అన్నారు. నిజమే, సగం నిజం. ఆ రాత్రి ఎందుకో అడ్డగీత గుర్తొచ్చింది. రెండూ రాశాను. సెట్టింగ్ పెట్టింది నేనని, ఎందుకు పెట్టానో, దానివల్ల ఎంత పోయిందో రాశాను. ఆ ఏడాది నాకు ఇంక్రిమెంటు రాలేదు. పరీక్షల కేంద్రం వాళ్లు మాత్రం వెళ్లిపోలేదు. సెట్టింగ్ తీసేశాక వేగం సగానికి పడింది. ఎందుకు పడిందో వాళ్లకి చెప్పాం, సరేనన్నారు. ఉప్పల్ పెద్దావిడకి క్షమాపణ చెప్పే దారి నాకు దొరకలేదు. అది అలాగే ఉండిపోయింది.

పిల్లలకి రెండు మాటలు. ఏదైనా చెడిపోతే వెంటనే ఏదో ఒకటి మార్చేయకండి. ఎప్పుడు చెడింది, ఏ రోజు, ఎన్నింటికి అని ముందు కాగితం మీద రాయండి. మా సీనియర్లందరం కార్డులు మారుస్తుంటే, ఆ నల్గొండ అమ్మాయి క్యాలెండర్ చూసింది. రెండోది, మీ కింద పనిచేసే వస్తువైనా, మీరైనా, పని పూర్తికాకముందే పూర్తయిందని చెబితే, ఆ మాట నమ్మి ఎవరో ఎక్కడో ముందుకి అడుగేస్తారు. వాళ్లెవరో మీకు తెలియకపోవచ్చు.

మా ఫిజిక్స్ సార్ ఇవాళ మన మధ్య లేరు. ఆయన రికార్డులో రాసిన రెండు మాటల్ని నేను ఇప్పుడు కొత్తగా చేరే ఇంజనీర్లకి మొదటిరోజే చెబుతాను. ఎవరు చెప్పారని అడిగితే, నల్లకుంటలో మా బడి సార్ అని చెబుతాను.