రోడ్డు ఎవరి కోసం? (అమలాపురం సభలో మాట్లాడిన మాటలు)

2022లో కోనసీమ వేరు జిల్లా అయ్యేదాకా అమలాపురం, రంపచోడవరం ఒకే తూర్పు గోదావరి. అందుకే మీ ముందు మాట్లాడటానికి నాకు కొత్తగా లేదు.

మన్యంలో మైనింగ్ కంపెనీ నేరుగా "మీ కొండ తవ్వుతాం" అనదు. "రోడ్డేస్తాం, కరెంటు లైను తెస్తాం, మీ మద్దతు కావాలి, తీర్మానం మీద సంతకం పెట్టండి" అంటుంది. గర్భిణిని డోలీలో మోసిన వాళ్లకి రోడ్డు వద్దని ఎవరు చెప్పగలరు? నేనూ చెప్పను. రోడ్డు కావాలి. కానీ సంతకానికి ముందు మూడు ప్రశ్నలు అడగాలి. డబ్బు ఎవరిది? ఒప్పుకున్నది ఎవరు? రేపు మునిగితే మోసేది ఎవరు?

విశాఖ మన్యం బాక్సైట్ కథే చూడండి. 1997 సమతా తీర్పు షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకి లీజులు చెల్లవంది. దాంతో తవ్వే పని ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీకి, బాక్సైట్ మాత్రం ప్రైవేటు రిఫైనరీకి అన్నట్టు 2007లో ఒప్పందం కుదిరింది. కొండలో తట్ట మట్టి తియ్యకముందే మాకవరపాలెం దగ్గర అన్‌రాక్ రిఫైనరీ లేచింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆ తర్వాత "ఇన్ని కోట్లు పెట్టాక ఆపుతారా?" అనే వాదన మొదలైంది. 2015 నవంబరులో జీవో 97 వచ్చింది, 1,212 హెక్టార్ల అడవి ఇస్తామని. జనం లేచారు, అమలు ఆగింది. 2019లో ఆ జీవోనే రద్దు చేశారు.

ఒడిశా నియమగిరిలోనూ అంతే. ముందు లాంజిగఢ్‌లో రిఫైనరీ, తర్వాత కొండ కావాలన్నారు. 2013లో 12 గ్రామసభలు వద్దన్నాయి. కట్టడం ముందు, అనుమతి తర్వాత అంటే అర్థం ఒకటే, మనల్ని ఇరికించడం. అలాంటి కట్టడానికి బ్యాంకు అప్పిస్తే అందులో మన డిపాజిట్లూ ఉంటాయి. ఇది కొండ మీదోళ్ల గొడవ మాత్రమే కాదు.

మీకు ఇది తెలియనిది కాదు. మా కొండల్లో బాక్సైట్ ఉన్నట్టే మీ కొబ్బరి తోటల కింద గ్యాస్ ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పైపు వేసినప్పుడు దాన్నీ అభివృద్ధే అన్నారు కదా.

యువతకి ఇంకో మాట. 2013లో కేంద్ర అటవీ శాఖ రోడ్లు, పైపులైన్ల లాంటి వాటికి గ్రామసభ ఒప్పుదల విషయంలో సడలింపు ఇచ్చింది. కాబట్టి కాగితంలో "రోడ్డు" అని కనిపిస్తే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మ్యాపు అడగండి. బడి దగ్గర ఆగితే మనది. క్వారీ దగ్గర ఆగితే లారీలది.

మన రోడ్డుకి కంపెనీ దయ అక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. గ్రామసభ సిఫారసు చేస్తే రోడ్డు, బడి, అంగన్‌వాడీ లాంటి పనులకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ప్రభుత్వమే ఇవ్వొచ్చు. ఆ దరఖాస్తు రాయడమే మన చదువుకి మొదటి పని.

ఖాళీ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. తీర్మానాన్ని కువిలోనో కోయలోనో, ఊళ్లో ఏ భాష మాట్లాడితే ఆ భాషలో గట్టిగా చదివించండి. అవ్వకి అర్థమయ్యాకే వేలిముద్ర. కోనసీమ మిత్రులారా, మీరు మా తరఫున మాట్లాడక్కర్లేదు. మేం మాట్లాడేటప్పుడు పక్కన నిలబడండి, చాలు.

జై ఆదివాసీ!