విస్తరి ముందు మెలకువ



పరిషేచనం చేసి, ప్రాణాహుతులు స్వీకరించిన తరువాతనే భోజనం ఆరంభించడం మా ఇంటి ఆచారం. ఉపనయనమైన నాటినుండి నేనూ ఆచరిస్తున్నాను. చేయి చేస్తోంది సరే, మనస్సు చేస్తోందా? ఈ ప్రశ్న నాకు నా మనుమరాలి వలన కలిగింది.

ఆ పిల్ల పగలు సరిగా తినేది కాదు. రాత్రి అందరూ నిద్రించాక వంటింట్లో ఒంటరిగా, ఆకలి లేకున్నా, ఆపుకోలేక, కడుపు నొచ్చేదాకా తినేది. తరువాత సిగ్గుతో కుమిలిపోయేది. నేను దానిని జిహ్వాచాపల్యమన్నాను. ఏకాదశి ఉపవాసం ఉండమన్నాను. ఉపవాసం ముగిసిన రాత్రి మరింత తిన్నది.

ఇది గుణదోషం కాదు, వ్యాధి అని వైద్యురాలు చెప్పారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించిందట. కఠినంగా పస్తులుంటే ఆ తిండి ఉద్ధృతి పెరగవచ్చునట. చికిత్సలో భాగంగా 'మైండ్‌ఫుల్‌నెస్' అనే సాధన నేర్పారు. జీన్ క్రిస్టెల్లర్ అనే అమెరికా మనస్తత్త్వవేత్త ఈ బాధ కోసం ధ్యానం ఆధారంగా ఒక పద్ధతిని రూపొందించారు. 1999లో ప్రకటించిన చిన్న పరిశీలనలో 18 మంది స్త్రీలు ఆరు వారాలు సాధన చేయగా, వారానికి సుమారు నాలుగుసార్లు వచ్చే ఉద్ధృతి ఒకటి రెండుసార్లకు తగ్గింది.

సాధన సులభమే. ఒక ఎండుద్రాక్షను అరచేతిలో ఉంచుకొని చూడాలి. వాసన చూడాలి. నాలుకపై రుచి ఎప్పుడు పుట్టి ఎప్పుడు తగ్గుతోందో గమనించాలి. తినాలనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది కడుపులోని ఆకలా, మనస్సులోని దిగులా అని విచారించుకోవాలి. ఒకవేళ తిన్నా తనను తాను నిందించుకోరాదు.

"తాతయ్యా, మీరూ చేయండి" అన్నది మనుమరాలు. చేశాను. స్వామి ప్రసాదంలోని ద్రాక్షను ఇన్నేళ్లూ రుచి తెలియకుండానే మ్రింగానని ఆనాడు తోచింది.

అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు చెప్పాడు. ఎన్నోసార్లు పాఠం చెప్పిన మాట అది. మొదటి సగంతో పిల్లను దండించాను, రెండవ సగం మరచాను.

పూర్తిగా నయమైందని అనను. వేళకు తింటోంది. అటువంటి రాత్రులు తగ్గాయి. ఎప్పుడైనా అర్ధరాత్రి వంటింట్లో దీపం వెలిగితే వెళ్లి పక్కన కూర్చుంటాను. ఏమీ అనను.

మీ ఇంట ఎవరైనా ఇలా బాధపడుతుంటే నిందించకండి. మ్రొక్కు పేరిట కూడా వారికి ఉపవాసం విధించకండి. వైద్యునికి చూపించండి. సాధన ఆ వైద్యానికి తోడే గాని, దానికి బదులు కాదు. ఇక మనమందరం, ప్రసాదం చేతికి అందినప్పుడు, ఒక్క క్షణం ఆగి దానిని కళ్లారా చూద్దాం.

స్వస్తి.